ఊచల లోపల మనోళ్లే, తాళంచెవి ఎవరి చేతిలో?

(వరంగల్ కొత్తవాడలో వార్డరు, కానిస్టేబుల్ ఉద్యోగాలకు తయారవుతున్న యువతీయువకులు, వాళ్ల తల్లిదండ్రులు, పల్లెల నుంచి వచ్చిన సంఘం కార్యకర్తలు కలిసిన సమావేశంలో ఒక ప్రభుత్వ బడి ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం. మాట్లాడిన తీరును చాలావరకు అట్లనే ఉంచాం.)



అక్కలారా, అన్నలారా, పొద్దుగాల గ్రౌండుల ఉరికి చెమట ఆరకముందే వచ్చి కూసున్న తమ్ముళ్లారా, చెల్లెండ్లారా!

నాకు అరగంట టైం ఇచ్చిండ్రు. బడిపంతులుకు అరగంట అంటే ముప్పావుగంట అని మీకెరికే. ఓపిక పట్టండి. ఇయ్యాల మనం మాట్లాడుకోవాల్సింది ఒక చిన్న ఉద్యోగం గురించి. జైలు వార్డరు ఉద్యోగం. దానికి మనిషిని ఎట్ల ఏరుతరు, ఏ జల్లెడలో ఎవరు నిలుస్తరు, ఎవరు జారిపోతరు అన్న ముచ్చట.

కొత్తవాడల నిలబడి జైలు గురించి మాట్లాడుడు వింతేం కాదు. ఈ వాడ మగ్గాల మీద నేసిన జంపఖానాలకే వరంగల్ పేరు దేశమంతా తెలిసింది. 2018లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఇదే ఊర్లో ఇంకో చోట కూడా మగ్గాలు ఆడేవి, సెంట్రల్ జైలు గోడల లోపల. నిజాం కాలంలో 1886లో కట్టిన జైలు అది. 2021లో ఖైదీలందరినీ వేరే జైళ్లకు పంపి, దాన్ని కూలగొట్టి, ఆ జాగలో ఇరవై నాలుగు అంతస్తుల దవాఖానకు పునాది వేసిండ్రు. దవాఖాన వద్దనేటోడు ఎవడూ లేడు. కాకపోతే మా వాడల నుంచి లోపల ఉన్న కొడుకును చూసొద్దామని సద్ది కట్టుకొని హన్మకొండ బస్సెక్కే అవ్వలు, ఆ తర్వాత చర్లపల్లికి రైలెక్కాల్సి వచ్చింది. కూలి పోయిన రోజు ఒకటి, చార్జీలు అదనం. ఆ లెక్క ఎవరూ కట్టలేదు.

జైల్లో ఉన్నదెవరు? జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క ప్రకారం 2022 చివర్ల దేశం మొత్తం మీద జైళ్లలో ఉన్నోళ్లు 5,73,220 మంది. వీళ్లల్ల 4,34,302 మంది విచారణ ఖైదీలు. అంటే నేరం రుజువు కానోళ్లు, బెయిలుకు జామీను దొరకనోళ్లు, వకీలుకు పైసలు లేనోళ్లు. ఆ విచారణ ఖైదీల్లో ముగ్గుర్ని నిలబెడితే ఇద్దరు ఎస్సీ, ఎస్టీ, బీసీలే. ఊచల లోపల రిజర్వేషన్ కోసం మనం ధర్నా చెయ్యాల్సిన పని ఎప్పుడూ పడలేదు.

ఊచల ఇవతల సంగతేంది? జైల్లో ఖైదీకి రోజూ కనబడే ప్రభుత్వం వార్డరే. జడ్జి కనబడడు, మంత్రి కనబడడు. పొద్దున బ్యారక్ తాళం తీసి లెక్కపెట్టేది వార్డరు. సాయంత్రం లెక్కపెట్టి తాళమేసేది వార్డరు. కడుపునొప్పి అంటే నిజమా నాటకమా అని తేల్చేది, ములాఖత్‌కు వచ్చిన ముసలమ్మను కూసోమనేది, కసిరేది, అన్నీ వార్డరే. కేంద్రం 2016లో తెచ్చిన నమూనా జైలు మాన్యువల్ ఆరుగురు ఖైదీలకు ఒక కాపలా ఉద్యోగి ఉండాలన్నది. అంతమంది లేనికాడ ఆ పని ఎవరు చేస్తరు? ఖైదీల్లోనే కొందరు. 1894 నాటి జైళ్ల చట్టం 23వ సెక్షన్‌లోనే ఖైదీలను జైలు అధికారులుగా పెట్టుకునే మాట ఉంది. రాత్రి కాపలాదారు, ఓవర్‌సీరు, ఖైదీ వార్డరు. నెత్తిన టోపీ, చేతిల కట్టె, తోటి ఖైదీ మీద పెత్తనం. ఆ టోపీ ఎవరికి పెట్టాలె అన్నదాంట్లో కులం దూరింది. దాని దగ్గరికి తర్వాత వస్త.

ముందు మా ఇంటి ముచ్చట ఒకటి చెప్పాలె. నేను చిన్నగున్నప్పుడు మా పెదనాయినను భూమి తగాదాల అరెస్టు చేసిండ్రు. దొర గెట్టు జరిపిండు, పెదనాయిన గెట్టు రాయి పీకి మళ్ల పాత జాగల పెట్టిండు. అంతే నేరం. రెండు నెలలు లోపల ఉన్నడు. ఏ జైలో చెప్పను, ఇప్పుడు ఆ ముచ్చటతో పని లేదు. లోపలికి పోయిన మొదటి రోజే రిజిష్టరు రాసే ఖైదీ పేరు అడిగిండట, తండ్రి పేరు అడిగిండట, తర్వాత కులం అడిగిండట. కులం చెప్పంగనే చీపురు, డబ్బా చూపెట్టిండట. రెండు నెలలు ఆయన చేసిన పని పాయఖానా కడుగుడు. మా పెదనాయిన జీవితంల ఎన్నడూ ఆ పని చెయ్యలేదు. నాగలి పట్టినోడు, డప్పు కొట్టినోడు. బయటికి వచ్చినంక ఆ పనిని గురించి ఆయన ఎక్కువ చెప్పలేదు. ఒక్క మాట మాత్రం చచ్చేదాకా అన్నడు: "ఆడ నిలబడ్డ వార్డరు మనోడే రా. చూసి ముఖం అటు తిప్పుకున్నడు."

ఈ మాట గుర్తుపెట్టుకోండి. మనోడు వార్డరు అయితే చాలు, అంతా బాగయితదని నేను చెప్పడానికి రాలేదు. కానీ మనోడు అసలే లేనికాడ ముఖం తిప్పుకునే సిగ్గు కూడా ఉండదు.

ఇగ ఉద్యోగం సంగతి. తెలంగాణల వార్డర్లను పోలీసు నియామక మండలి ద్వారానే తీసుకున్నరు. 2022 ఏప్రిల్ 25న కానిస్టేబుల్, ఫైర్‌మన్, వార్డరు అన్నీ కలిపి 15,644 పోస్టులకు నోటిఫికేషన్ వచ్చింది. అందుల వార్డర్లు ఎంతమంది? మగవాళ్లు 136, ఆడవాళ్లు 10. మొత్తం 146. అంత పెద్ద గంపల గుప్పెడు గింజలు. మన పిల్లలు కానిస్టేబుల్ మీదనే కన్నేసి ఈ గడిని ఖాళీగ వదిలేసిండ్రు. అప్లికేషన్‌ల టిక్కు పెట్టకపోతే నష్టం మనకే.

ఇప్పుడు లెక్క చెయ్యండి, తరగతిల చేసినట్టు. 136కు 15 శాతం ఇరవై. పదికి 15 శాతం ఒకటిన్నర. ఒకటిన్నర ఆడమనిషి! ఆ పదిహేను శాతాన్ని కూడా 2025 ఏప్రిల్ 14 నుంచి 1, 9, 5గా మూడు గ్రూపులకు పంచిండ్రు. ఆ పంపకం మీద మన మధ్యల వాదాలున్నయి, ఉండనీయండి, ఇక్కడ తీయను. పోస్టులే పది పెడితే, అందుల ఒక శాతం వాటా ఉన్న కులం ఆడపిల్లకు రోస్టరు పాయింటు ఎన్నేండ్లకు వస్తదో ఆలోచించండి. ఆడ ఖైదీల బ్యారక్‌లోకి మగ ఉద్యోగి ఒక్కడే పోవద్దు, ఆడ వార్డరు వెంట ఉండాలె. అసొంటి పనికి రాష్ట్రం మొత్తానికి పది పోస్టులు. మనం అడగాల్సిన మొదటి డిమాండ్ వాటా కంటే ముందు సంఖ్య.

అర్హత ఇంటర్మీడియట్. అయితే మన పిల్లలకు, తల్లిదండ్రులకు చాలామందికి తెల్వని సంగతి ఒకటున్నది. ఆ నోటిఫికేషన్‌ల ఎస్సీ, ఎస్టీ అభ్యర్థి పదో తరగతి పాసై, ఇంటర్ రెండేండ్లు చదివి, పరీక్షలు రాసి ఉంటే చాలు, పాస్ కాకున్నా అర్హులే అన్నరు. ఇంటర్ ఫెయిలై హమాలీకి, మేస్త్రీ పనికి పోతున్న పిలగాండ్లు మన వాడలల్ల ఎంతమంది? వాళ్లకు ఈ ముక్క చెప్పినోడు ఎవడు? నేను కూడా ఆలస్యంగనే చదివిన, ఒప్పుకుంట. నోటిఫికేషన్ పత్రికల హెడ్డింగు చదివితే సరిపోదు, చివరిదాకా చదవాలె. మళ్ల నోటిఫికేషన్ వచ్చినప్పుడు ఈ వెసులుబాటు ఉందా లేదా అని ముందు అదే చూడండి.

మొదటి జల్లెడ ప్రిలిమినరీ పరీక్ష. 200 మార్కులు. అయిదు తప్పులు చేస్తే ఒక మార్కు కోత. 2022 నోటిఫికేషన్‌ల అర్హత మార్కు అందరికీ 60 అన్నరు. వినడానికి సమానత్వం లెక్కనే ఉంది. అంతకుముందు నియామకంల ఓసీకి 80, బీసీకి 70, మనకు 60. అంటే పైవాళ్లకు ఇరవై తగ్గించిండ్రు, నడిమిటోళ్లకు పది తగ్గించిండ్రు, మనకు తగ్గించింది సున్న. సమానం చేసుడు ఎప్పుడూ ఈ పద్ధతిలనే జరుగుతది! నిరుద్యోగులు, దళిత సంఘాలు లొల్లి చేసిండ్రు. పరీక్ష కూడ అయిపోయినంక, 2022 అక్టోబరుల ఓసీకి 60, బీసీకి 50, ఎస్సీ ఎస్టీకి 40గా మార్చిండ్రు. ఆ ఇరవై మార్కుల తేడాల బతికి బయటపడ్డ పిల్లలు ఈ సభలనే ఉన్నరు, చెయ్యెత్తమనను. రోడ్డు మీద కూసున్నందుకు వచ్చిన మార్కులు అవి, ఎవరి దయ కాదు.

రెండో జల్లెడ మైదానం. మగపిల్లలు 1600 మీటర్లు ఏడు నిమిషాల పదిహేను సెకండ్లల్ల, ఆడపిల్లలు 800 మీటర్లు అయిదు నిమిషాల ఇరవై సెకండ్లల్ల ఉరకాలె. ఎత్తు కొలుస్తరు, లాంగ్ జంప్, షాట్‌పుట్ ఉంటయి. దీని గురించి మీకు నేను చెప్పేదేంది? పొద్దుగాల నాలుగింటికి లేచి ఉరికేటోళ్లు మీరు. పత్తి చేన్ల, ఇటుక బట్టీలల్ల పని చేసిన కాళ్లు అవి. కడుపు నిండ తిండి లేకనే ఎత్తు దగ్గర పోయేటోళ్లు ఉన్నరు, దానికి సంక్షేమ హాస్టల్ మెనూను అడగాలె. తర్వాత చివరి రాతపరీక్ష. పుస్తకాలు, కోచింగు, అశోక్‌నగర్ రూం కిరాయి, ఆ బాధలన్నీ మీకు తెలిసినవే. వదిలేస్తున్న.

అసలు జల్లెడ తర్వాత ఉంది. ఉరుకుడుల గెలిచి, రాతల గెలిచి, లిస్టుల పేరు వచ్చి, వాడల స్వీట్లు పంచినంక వచ్చే జల్లెడ అది. అటెస్టేషన్ ఫారం. నీ మీద ఎప్పుడన్న కేసు అయ్యిందా? అరెస్టు చేసిండ్రా? కోర్టుల ఉందా? కొట్టేసిండ్రా? నువ్వు రాసింది తీసుకొని పోలీసులు నీ ఊరికి, నీ స్టేషన్‌కు పోయి విచారిస్తరు.

నా దగ్గర చదివిన ఒక పిలగాడు. ఏ ఊరో, ఏ పోస్టో చెప్పను. బతుకమ్మ నాడు చెరువు కట్ట మీద మన ఆడోళ్లను ఆట ఆడనీయలేదు. గొడవ అయ్యింది. మనోళ్లకు తలలు పగిలినయి, అట్రాసిటీ కేసు పెట్టిండ్రు. తెల్లారేసరికి అవతలోళ్లు కూడ ఒక కేసు పెట్టిండ్రు, మనోళ్లే రాళ్లేసిండ్రని. అందుల పదకొండు మంది పేర్లు. ఏడో పేరు ఈ పిలగానిది. ఆనాడు వాడు ఊర్లనే లేడు, హాస్టల్‌ల ఉన్నడు. రెండేండ్లు తిరిగి తిరిగి, పెద్దమనుషులు నడుమ కూసొని, రెండు కేసులూ రాజీ చేసిండ్రు. వాని తండ్రి వేలిముద్ర వేసి వచ్చిండు.

వాడు సెలెక్ట్ అయినంక ఫారం పట్టుకొని నా దగ్గరికే వచ్చిండు. "సార్, ఈ గడిల ఏం రాయాలె?" నేను ఏమన్ననో తెలుసా? "రాజీ అయిపోయింది కదరా, లేదని రాయి." నా పెన్నుతోనే, నేనే రాసిన. బీఎడ్ చదివినోణ్ని, మా వంశంల మొదటి డిగ్రీ నాది, పది మందికి సలహాలు చెప్పేటోణ్ని. విచారణల కేసు బయటికొచ్చింది. నిజం దాచిపెట్టినవని నోటీసు. లిస్టుల ఉన్న పేరు ఆగిపోయింది. వాడు నన్ను ఒక్క మాట అనలేదు. వాళ్లవ్వ అన్నది: "సారు, నువ్వు చదువుకున్నోనివి గదా." నేను ఇయ్యాల ఇక్కడ నిలబడ్డది ఆ మాటకే.

అప్పటినుంచి తీర్పులు చదువుడు మొదలుపెట్టిన. మీకు పనికొచ్చే మూడు చెప్త. 2016 జులై 21న సుప్రీంకోర్టు ముగ్గురు జడ్జీలు అవతార్ సింగ్ కేసుల ఇచ్చింది పెద్దది. అడిగిన సమాచారం ఉన్నదున్నట్టు చెప్పాలె, దాచొద్దు అన్నరు. అట్లనే, కేసు చిన్నదా పెద్దదా, వయసెంత, ఏ పరిస్థితిల జరిగింది అన్నవి చూసి యజమాని నిర్ణయం చెయ్యాలె, గుడ్డిగ తీసెయ్యొద్దు అన్నరు. చిన్న వయసుల నినాదాలు చేసిన కేసు లాంటివి పట్టించుకోకుండ వదిలెయ్యొచ్చని ఉదాహరణ కూడ ఇచ్చిండ్రు. ఊరేగింపుల జెండా పట్టినందుకు కేసైన పిల్లలు భయపడి దాచొద్దు. రెండోది 2011ల సందీప్ కుమార్ కేసు. రాజీ అయిన కేసును దాచిన కుర్రవాడిని ఢిల్లీ పోలీసు ఉద్యోగానికి వద్దంటే, కుర్రతనపు తప్పు అని కోర్టు ఉద్యోగం ఇప్పించింది. దీన్ని చూసి ధైర్యం తెచ్చుకోకండి. 2013ల మెహర్ సింగ్ కేసుల అదే సుప్రీంకోర్టు, రాజీ మీద కొట్టేసిన కేసుంటే ఉద్యోగం ఇయ్యాల్నని లేదు, పోలీసు శాఖ తన బుద్ధితో తేల్చుకోవచ్చన్నది.

కార్యకర్తలు ఇక్కడ చెవి పెట్టి వినాలె. ఊర్ల గొడవైనప్పుడు "రెండు కేసులు పెట్టుకున్నరు, రెండూ కొట్టేయించుకోండి, చెల్లుకు చెల్లు" అని పెద్దమనుషులు చెప్తరు. చెల్లుకు చెల్లు కాదది. వాని కొడుకు ఆ కేసుతోనే అమెరికా పోతడు, కంపెనీల చేరతడు, ఎకరాలు చూసుకుంటడు. మన కొడుకు ఎదురుచూసేది ఈ ఖాకీ ఉద్యోగాల కోసమే, ఆ రాజీ కాగితం వాని మెడకు చుట్టుకునేది అక్కడనే. రాజీ చేసుకున్నడంటే సాక్ష్యం వినలేదు, తప్పు లేదని కోర్టు చెప్పలేదు. మనోడు ఊర్లనే లేడని హాస్టల్ రిజిష్టరు తెచ్చి సాక్ష్యం పెట్టి కొట్టేయించుకుంటే ఆ తీర్పు బరువు వేరు. టైం పడ్తది, వకీలు ఖర్చయితది. ఆ ఖర్చు సంఘం మొయ్యాలె అని నా వాదన. సభలకు మైకు సెట్టుకు పెట్టే పైసల్ల సగం ఇటు పెట్టండి. ఇంకోటి, దళితుని మీద అబద్ధపు కేసు పెట్టుడే అట్రాసిటీ చట్టం కింద నేరం. 1989 చట్టంల మొదటినుంచీ ఉంది, 2015 సవరణ తర్వాత సెక్షన్ 3(1)(పి)గా ఉంది. ఆరు నెలల నుంచి అయిదేండ్ల దాకా శిక్ష. ఎదురు కేసు పడ్డ రోజే ఈ సెక్షన్ కింద ఫిర్యాదు రాయించాలె.

పుట్టుకను చూసి మనిషిని జల్లెడ పట్టుడు మన దేశంల కొత్త కాదు. బాబాసాహెబ్ తండ్రి రాంజీ సక్‌పాల్ సైన్యంల సుబేదారు. అసొంటి మహార్లను 1890ల మొదట్లో తెల్ల ప్రభుత్వం సైన్యంలోకి తీసుకునుడు ఆపేసింది, యుద్ధానికి పనికొచ్చే జాతి కాదని. ఉరికి చూపెట్టమనలేదు, పుట్టుక చూసి తలుపేసింది. బాబాసాహెబ్ పట్టు పట్టినంక 1941లనే మహార్ రెజిమెంటు మళ్ల లేచింది. జైలు టోపీ సంగతి ఇందాక ఆపిన. పశ్చిమ బెంగాల్ జైలు కోడ్‌ల ఒక నియమం ఉండె: రాత్రి కాపలాకు పెట్టే ఖైదీ, పారిపోయే సహజ గుణం ఉన్న సంచార తెగల వాడు కావొద్దని. సహజ గుణమట! 1952ల నేరస్థ తెగల చట్టం రద్దయినంక కూడ ఈ బుద్ధి పోలేదు. మన స్టూవర్టుపురం ఎరుకల పిలగాన్ని ఆ కళ్లతో చూస్తే ఏమంటరు? నువ్వు నడవకముందే పారిపోయినవంటరు.

సుకన్య శాంత అనే జర్నలిస్టు 2020ల జైళ్లల్ల కులం పని గురించి రాసి, తర్వాత సుప్రీంకోర్టుకు పోయింది. 2024 అక్టోబరు 3న తీర్పు వచ్చింది. వంట ఒక కులానికి, పాకీపని ఇంకో కులానికి పంచుడు, సంచార తెగలను పుట్టు నేరస్థులుగా చూసుడు రాజ్యాంగ విరుద్ధమన్నది. పాత ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1979 జైలు నియమాలు కూడ ఆ కేసుల చర్చకొచ్చినయి. జైలు రిజిష్టర్లల్ల కులం గడి తీసెయ్యమన్నది, మూడు నెలల్ల మాన్యువళ్లు మార్చమన్నది. మా పెదనాయిన ఉండి ఉంటే ఆ గడి పోయిన ముచ్చట చదివి వినిపించేవాణ్ని.

గడి పోయింది సరే, అడిగే నోరు? కాగితం మీద గడి లేకున్నా "మీదే వాడ?" అని అడిగితే సరిపాయె. అందుకే వార్డరును ఏరేకాడ ఇది చూడాలె. అసలే చూడరని చెప్పను. చివరి పరీక్ష సిలబస్‌ల ఒక మూలకు, ఆడవాళ్ల పట్ల, బలహీన వర్గాల పట్ల సున్నితత్వం అని ఒక అంశం ఉంది. నాలుగు జవాబుల్ల ఒకటి గుర్తుపెట్టుడు. కోచింగుల ముప్పై రోజులు కూసున్నోడు ఎవడైనా సరైన గడే నింపుతడు. నేను అడిగేది: చంచల్‌గూడ జైలు శిక్షణ సంస్థల మొదటి వారమే ఆ 2024 తీర్పు తెలుగుల చేతికిచ్చి చదివించాలె. ప్రొబేషన్ ఖరారు చేసే ముందు, ఆ వార్డరు డ్యూటీ చేసిన బ్యారక్‌ల పాయఖానా ఎవరెవరు కడిగిండ్రో వరుస లెక్క తీయాలె. ఎప్పుడూ ఒక్క వాడోళ్లే తేలితే ఆయన్ను అడగాలె. మనోడైనా అడగాలె.

కొంతమంది అన్నలు నన్ను దెప్పుతరు, రాజ్యం లాఠీని మన పిల్లల చేతికిస్తున్నవని. ఆ మాటల నిజం లేకపోలేదు. వాళ్ల పిల్లలు ఏం చదువుతున్నరో నేను అడగను. పదివేల కూలికి సెక్యూరిటీ గార్డుగ అపార్టుమెంటు గేటు కాసే పిలగాడు, పెన్షనుతోని, సర్వీసు రూల్సుతోని జైలు గేటు కాయొద్దా? లోపల ఉన్నోడు మా ఊరోడని గుర్తు పట్టే మనిషి గేటు కాడ ఉంటే, ఆ ములాఖత్‌కు వచ్చిన అవ్వకు ఒక గ్లాసు నీళ్లన్న దొరుకుతయి. అంతకంటే ఎక్కువ ఆశ నేను పెట్టుకోలేదు.

ఇగ ముగిస్త. మీటింగు అయినంక ఎవరి మీదన్న పాత కేసుంటే, తండ్రి మీద కాదు, మీ పేరు మీద, సిగ్గుపడకుండ ఆగండి. ఎఫ్‌ఐఆర్ నంబరు, కోర్టు పేరు, కొట్టేసిన తేది, అవి ఒక్కొక్కరిది ఒక్కో కాగితం మీద రాద్దాం. నకలు లేనోళ్లు సోమవారం కోర్టుకు పోయి దరఖాస్తు పెట్టాలె, వకీలు తమ్ముడు వెంట వస్తనన్నడు. నోటిఫికేషన్ వచ్చేదాకా ఆగొద్దు. ఫారం నింపేటప్పుడు మాత్రం నా దగ్గరికి ఒక్కరే రాకండి, ఆ తమ్ముణ్ని కూడ పిలుస్త, ఇద్దరం చూస్తం. పర్వతగిరి దిక్కు పోయేటోళ్లకు బస్సు తక్కువ, వాళ్ల కాగితాలు ముందు తీయండి.